మేళము వెలుపలి సన్నాయి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తితీతకును మిరపకోతకును నడుమ దినములు లెక్కించుకొను రైతు గాని, మిర్చియార్డులో కాటాగుమస్తా గాని, పల్లెటూరి బడిపంతులు గాని, జీవనోపాధికై కాక కేవలము మనసుపడి ఒక వాద్యమును చేతబట్టదలచినచో, అతనికి ఏ వాద్యము తగును, దానిని ఎవరియొద్ద నేర్వవలెను, ఏమేరకు నేర్వగలడు, నేర్చిన పిమ్మట ఎవరితో కలిసి వాయింపవలెను అను ప్రశ్నలు చూచుటకు చిన్నవిగా తోచును. మన సంగీతరచనలు విద్వాంసుల చరిత్రలతోను, కచ్చేరీల గుణదోషవిచారణతోను నిండియుండుటచేత, ఉద్యోగము ముగించుకొని సాయంకాలమున ఒక గంట సాధనచేయు సామాన్యుని గూర్చిన చింతనకు వానిలో చోటు చాలలేదు. ఆ లోపమును కొంతయైన పూరింపవలెనను కోరికతో, ఊది వాయించు వాద్యములను, అందును ఈ ప్రాంతమునకు దేశమంతట పేరుతెచ్చిన సన్నాయిని, అనగా నాదస్వరమును, ముఖ్యముగా దృష్టియందుంచుకొని, ఈ విషయమును పరిశీలింతును.

ఈ నేలలో ప్రత్తితోను సంగీతముతోను ఏకకాలమున బంధుత్వముగల కులమొకటి యున్నది. విల్లుతో ప్రత్తిని ఏకి దూదిచేయుట కులవృత్తిగాగల దూదేకులవారు, మతమున మహమ్మదీయులయ్యును, ఇంట తెలుగే మాట్లాడుచు, దేవాలయోత్సవములలోను పెండ్లిపందిళ్ళలోను తరతరములుగ మంగళవాద్యము మ్రోగించుచున్నారు. నాయీబ్రాహ్మణులతోపాటు ఈ విద్యను కాపాడినవారు వీరే. తాడికొండ ప్రాంతమున పొన్నెకల్లులో 1920లో జన్మించి, బుర్రకథను ఊరి అరుగుమీదినుండి మహాసభలకెక్కించి, 1986లో పద్మశ్రీ నందిన షేక్ నాజరుగారు ఈ కుటుంబములలోనివారే. తమ ఆత్మకథకు వారు ‘పింజారి’ యని కులవృత్తి పేరే పెట్టుకొనిరి. సన్నాయి విషయమున చిలకలూరిపేట ఒక విద్యాపీఠమువంటిది. ఒంగోలు చెంతనున్న కరవదిలో, ఆ ఊరు ఇంకను గుంటూరు జిల్లాలో చేరియున్న 1924వ సంవత్సరమున జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు తండ్రి కాశిం సాహెబుగారివద్ద శ్రీకారముచుట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి శుశ్రూషలో ఆంధ్రదేశపు బాణీని క్షుణ్ణముగ నేర్చిరి.

ఆ పిమ్మట వారు చేసిన పని మన విచారణకు మిక్కిలి ముఖ్యమైనది. తిరువావడుతురై రాజరత్నం పిళ్ళైగారి వాదనమునకు ముగ్ధులై, తంజావూరు బాణీని స్వాధీనపరచుకొనవలెనని, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకడ శిష్యులై మరల మొదటినుండి కూర్చుండిరి. చేతినిండ విద్యయుండియు, పరప్రాంతమునకుబోయి, పెదవిపట్టును, గమకపుటొరవడిని మార్చుకొనుటకు ఎంత వినయము కావలెనో, వాద్యము ముట్టినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1964లో శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని ఊదుచు, 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి, 1998లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమునంది, మరుసటి యేడు వారు పరమపదించిరి. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ పొందిరి. పురుషుల సొత్తుగా చెల్లిన ఈ వాద్యమును ఒక స్త్రీ వేదికలపై నిండుగొంతుతో పలికించుట, పిల్లలకు సన్నాయి నేర్పింప వెనుదీయు తల్లిదండ్రులకు చూపదగిన ఉదాహరణము.

ఇంతటి సంపద ఉండియు, మేళపు కుటుంబములకు వెలుపల సన్నాయిని వేడుకకై నేర్చినవారు ఈ మైదానమున వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియైన కానరారు. కారణము సాంఘికము. మధ్యతరగతి గృహములలో ఆడపిల్లకు వీణయో వయొలినో, మగపిల్లవానికి మృదంగమో నేర్పుట మర్యాదగా చెల్లినది. సన్నాయి మాత్రము, శుభమునకు తప్పనిసరియయ్యును, వాయించువానికి పందిటిమూలను చాపయే ఆసనముగ మిగిల్చినది. మూడుగంటలు వారు తోడియో, కల్యాణియో ఆలపించుచున్నను, భోజనముల సందడిలో చెవియొగ్గువారుండరు, పురోహితుడు చేయియెత్తి “గట్టిమేళం!” అన్నప్పుడే ఆ వాద్యములున్న సంగతి పందిటికి స్ఫురించును. నేర్చినవారు లేనిచోట విన్నవారును ఉండరు. సన్నాయిపై ఒక్క శంకరాభరణ స్వరమును శ్రుతిలో నిలుపుటకు ఒక ఏడాది పాటుపడిన బడిపంతులు ఆ పందిటిలో ఒక్కడున్నను చాలును. మేళగానికి ఎదురుగ కుర్చీ జరుపుకొని కూర్చుండు శ్రోత ఒకడు దొరకును. వేడుకకు నేర్చువాడు విద్వాంసుడు కాగలడా యని అడుగువారు, అతడు విద్వాంసునికి ఎంత అవసరమో ఆలోచింపరు. నా విచారణకంతకు ఇదియే ఆధారము.

ఇక ఏ వాద్యమును ఎన్నుకొనవలెను అను విషయమునకు వత్తును. తొలుత ఎక్కువమంది మనసుపోవునది వేణువుమీదికి. వెల తక్కువ, మోత తక్కువ, సంచిలో ఇమిడిపోవును. ఊదురంధ్రమొకటి, వ్రేలిరంధ్రములెనిమిది గల మన కర్ణాటక వేణువును పందొమ్మిదవ శతాబ్దాంతమున కచ్చేరివాద్యముగ నిలిపినవారు కుంభకోణము శరభశాస్త్రిగారు. ముప్పదిరెండేండ్లకే గతించిన ఆ మహనీయుడు బాల్యముననే చూపుకోల్పోయినవాడు. ఇరువదవ శతాబ్దమున టి.ఆర్. మహాలింగముగారు పెదవిపట్టును వ్రేళ్ళపోకడను మార్చి, గాత్రములోని గమకమును వెదురునందు పలికించిరి. ఔత్సాహికునికి వేణువు ఇచ్చు మొదటి కానుక తలతిరుగుట. ఊపిరి రంధ్రపుటంచున చీలినగాని నాదము పుట్టదు. చీల్చుట తెలియనివాడు రొమ్మునిండ గాలిని పారబోసి, నాలుగు నిముషములలో గోడ పట్టుకొనును. కొద్దిగా ఊది, ఆగి, మరల ఊదుట తప్ప దీనికి మందు లేదు. మన ప్రాంతమున మరియొక చిక్కున్నది. రెంటచింతల ఎండలు తెలుగునాట ప్రసిద్ధములు. ఆ వేసవిలో అలక్ష్యముగ పడవేసిన వెదురు నిలువునా బీటవారును. అప్పుడప్పుడు లోపలికి నూనె పట్టించి, దారముచుట్టి, నీడపట్టున గుడ్డలో చుట్టి దాచుకొనవలెను.

సన్నాయి సంగతి వేరు. నిడుపైన కొయ్యగొట్టము, చివర గరాటువంటి విప్పారిన భాగము, పైన లోహపు సన్నగొట్టము, దానికి తొడిగిన పీక, ఇవి దాని అంగములు. వ్రేళ్ళకు ఏడు రంధ్రములు. క్రిందనున్న మరికొన్నింటిని మైనముతో మూసి శ్రుతిని సరిచేసికొందురు. తంజావూరు ప్రాంతపు నరసింగంపేట ఈ గొట్టముల తయారీకి పుట్టినిల్లు. పాతయిండ్లనుండి ఊడదీసిన, ఏండ్లకొలది ఆరిన ఆచాకొయ్యను అచటివారు ఎన్నుకొందురు. పొట్టిదై హెచ్చుశ్రుతి పలుకు తిమిరికి మారుగ, తగ్గుశ్రుతి పలుకు నిడుపైన పారిని 1955లో రంగనాథన్ ఆచారి అను శిల్పి రాజరత్నం పిళ్ళైగారితో సంప్రదించి రూపొందించెను. ఈ ఊరి నాదస్వరమునకు 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

అయినను సన్నాయి ప్రాణము గొట్టములో లేదు, పీకలో నున్నది. కావేరీతీరమునందలి ఒకజాతి రెల్లును కోసి, నానబెట్టి, ఆరబెట్టి, అదిమి, రెండు రేకులు ఒకదానికొకటి అతుకునట్లు కట్టిన ఆ బొటనవ్రేలిగోరంత వస్తువుతో విద్యార్థి తన మొదటి పాఠము చదువును. అనుభవజ్ఞుడైన గురువు మొదటిదినమున గొట్టమును చేతికియ్యడు. వాద్యమునకు దారముతో వ్రేలాడు పీకలగుత్తినుండి ఒకదానిని విప్పి, నోటనుంచుకొని తడిపి, అంచులను రెండువ్రేళ్ళనడుమ మెల్లగ నొక్కి, వెలుతురునకు ఎత్తిపట్టి రేకులనడుమ సందు ఎంతయున్నదో చూచును. గుత్తితోపాటు వ్రేలాడు దంతపు సూదితో లోపలి తెమ్మను తుడుచును. అప్పుడు శిష్యుని నోట పెట్టును. శిష్యుడు పండ్లతో కరచును. “పీక కొరకమాకయ్యా, పెదవితో పట్టుకో” అని గురువు, “అట్టాగే సాయిబుగారూ” అని శిష్యుడు, ఇట్లు వారములు గడచును. కరచినచో సన్నని కీచుధ్వని, వదలినచో గాలిచప్పుడు. ఆ రెంటినడుమ వెండ్రుకవాసిలో నాదమున్నది. ఒక్కరంధ్రమునే మూసియుంచి, ఊపిరి ఒత్తిడిని హెచ్చుతగ్గులు చేసినంతమాత్రమున స్వరము ప్రక్కస్వరమువైపు జారును. వ్రేలిని సగము మాత్రము ఎత్తినచో మరియొక శ్రుతి పలుకును. గాంధారమునకు ఒక మీట, నిషాదమునకు ఒక మీట యని పాశ్చాత్యవాద్యములవలె స్థానములు కట్టివేయబడలేదు గనుక, ప్రతిస్వరమును వాదకుడు చెవితో వెదకి పట్టుకొనవలసినదే. ఈ స్వేచ్ఛయే తోడికి, భైరవికి సన్నాయిపై అంతటి శోభ నిచ్చుచున్నది. ఈ స్వేచ్ఛయే ఔత్సాహికుని మొదటి రెండేండ్లు ఏడ్పించుచున్నది.

ఊపిరిమాట వచ్చినప్పుడు ఈ ప్రాంతపు గాలిని గూర్చి చెప్పకతప్పదు. మాఘఫాల్గుణములలో కల్లాలలో మిరపకాయ ఆరబోసినప్పుడును, యార్డులో బస్తాలు దింపునప్పుడును, ఆ ఘాటు గొంతునుపట్టి తుమ్ములు, దగ్గు తెప్పించును; జిన్నింగుమిల్లులలోని దూదినలుసు ఏండ్లతరబడి పీల్చినవారి ఊపిరితిత్తులకు కీడుచేయునని వైద్యులు ఎన్నడో నిర్ధారించిరి. అట్టిచోట పనిచేయువారు ముక్కునకు గుడ్డకట్టుకొనుట ఆరోగ్యమునకేకాక సంగీతమునకును అవసరము. మిరపదినములలో పనిదిగిన వెంటనే వాద్యము పట్టక, స్నానముచేసి, గొంతు కుదుటపడినపిమ్మట సాధనకు కూర్చుండుట మేలు. మోతవిషయము ఇంకొకటి. వేణువును పడకగదిలో ఊదవచ్చును; సన్నాయిని పట్టణపు వీధిలో తెల్లవారుజామున ఊదినచో ఇరుగుపొరుగు లేచివచ్చును. పల్లెలవారికి ఈ బాధ తక్కువ. నాగార్జునసాగరు కుడికాలువ గట్టుమీదికి పోయి, నీటివంక తిరిగి కూర్చుండి, ఎంత గట్టిగ ఊదినను అడుగువాడుండడు; విశాలమైన ఆ బయలున తననాదము తనకు తిరిగిరాదు గనుక, పెదవి ఎంత బలముగ పట్టవలెనో కూడ విద్యార్థికి త్వరగ తెలిసివచ్చును.

క్లారినెట్టు వేణువునకును సన్నాయికిని నడుమనున్నది. బ్యాండుమేళములద్వారా మన ఊళ్ళకు వచ్చిన ఈ వాద్యమునకు మీటలుండుటచే స్థానములు సులభముగ దొరకును. గమకము మాత్రము కష్టముమీద దొరకును. సినిమాపాటలు, భజనకీర్తనలు వాయింపదలచినవారికి ఇది అన్నిట అనుకూలము. సాక్సఫోను గూర్చి అడుగువారికి కద్రి గోపాలనాథుగారి జీవితమును చూపుదును. దక్షిణకన్నడమున నాదస్వర విద్వాంసుని కుమారుడై 1949లో జన్మించి, మైసూరు రాజభవనపు బ్యాండులో ఆ వాద్యమును విని, దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీయుటకు యౌవనమున దీర్ఘకాలము వెచ్చించిన మనిషి ఆయన. అంతటివానికే అంతకాలము పట్టినప్పుడు, సాయంకాలపు గంటవిద్యార్థి ఈ వాద్యమున రాగాలాపనకు ఉబలాటపడక, కీర్తనలను చక్కగ వాయించుటయందే తృప్తిపడుట మంచిది.

తక్కిన వాద్యములను క్లుప్తముగ ముగింతును. వయొలినుకు గురువులు దొరకుట సులభము, విజయవాడ చేరువ. వీణకు ఇంట స్థిరమైన చోటు కావలెను. హార్మోనియము మాత్రము ఈ ప్రాంతమున నిజముగ ప్రజల వాద్యము. బాపట్లలో పుట్టి, స్త్రీపాత్రలతో ఆంధ్రదేశమును మురిపించిన స్థానం నరసింహారావుగారి తెనాలి శ్రీరామవిలాససభ మొదలుకొని, ఊరూర వెలసిన నాటకసమాజములవరకు, పద్యమునకు శ్రుతియెత్తిచ్చినది ఈ పెట్టెయే. 1940లో ఆకాశవాణి దీనిని వెలివేసి, 1971వరకు తలుపు తెరువలేదు. గమకము పలుకదని శాస్త్రజ్ఞులు చూపిన దోషము నిజమే. కాని పద్యనాటకముల రాత్రులలో హార్మోనిస్టు ప్రక్కన కూర్చుండి రాగములు గుర్తుపట్టుట నేర్చినవారు ఈ జిల్లాలలో వేలకువేలు. వారి చెవి అబద్ధముకాదు.

పుస్తకములనుండి నేర్వవచ్చునాయని పలువురడుగుదురు. సుబ్బరామదీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురమున తెలుగులిపిలోనే అచ్చయినది. గమకములకు వేర్వేరు చిహ్నములుకూడ అందున్నవి. అట్టి నిధి మన లిపియందుండుట ఔత్సాహికునికి భాగ్యము. స్వరమును, తాళమును, కృతిరూపమును పుస్తకము చెప్పగలదు, దోషమును దిద్దికొనుటకు సాక్ష్యమీయగలదు. పీకపై పెదవి ఎంతబిగి యుండవలెనో చెప్పలేదు. కావున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు గురుముఖమున నేర్చి, వర్ణములు దాటినపిమ్మట పుస్తకమును ఆశ్రయించుట ఉచితము. నేటికాలమున ఫోనులో దృశ్యములు చూచి నేర్చుకొనువారికిని ఇదేమాట. తెరమీది గురువు శిష్యుని పెదవిని చూడజాలడు.

ఇన్ని చెప్పినను అసలైన కొరత ఇంకొకటి యున్నది. వాద్యము ఒంటరిగ నిలువదు, సన్నాయి మరింత నిలువదు. దానికి శ్రుతిపట్టు ఒత్తుసన్నాయి కావలెను, డోలు కావలెను, తాళము కావలెను. మేళపు కుటుంబపు పిల్లవాడు ఊదుట నేర్వకముందే ఏండ్లతరబడి తాళమువేసి, ఒత్తుపట్టి, తండ్రి ఊపిరి ఎక్కడ తీసికొనుచున్నాడో, డోలువాడు ఎక్కడ ముక్తాయించుచున్నాడో శరీరముతో గ్రహించును. వెలుపలివాడు గదిలో తలుపు మూసికొని ఈ విద్యలో సగమునే నేర్చును. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున మిల్లుకార్మికులు, గనికార్మికులు ఇత్తడి ఊదువాద్యములను అద్భుతముగ నేర్చుటకు మూలము ఈ సాంగత్యమే: 1855లో యార్క్‌షైరునందలి క్వీన్స్‌బరీ గ్రామమున బ్లాక్‌డైక్ మిల్లు బృందమునకు యజమానులు దుస్తులు, సాధనకు గది సమకూర్చిరి, దానికి రెండేండ్లకు పూర్వమే మాంచెస్టరు బెల్‌వ్యూలో ఇట్టి బృందముల పోటీలు మొదలైనవి. పగలు మగ్గముకడ నిలిచినవారే రాత్రి బాకా పట్టిరి. ప్రక్కవాని నాదము వినుచు తనది సరిచేసికొనుట వారికి గురువైనది.

మన ఊళ్ళలో దీనికి సాటియైన ఏర్పాటు అసాధ్యము కాదు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరివారు చందాలు వేసికొని ఆకాశమంత ప్రభలు కట్టుచున్నారు. ఆ ఉత్సాహములో కొంత, ఆలయపు మేళమువారికి ఏడాదిపొడుగున జీతముగ మార్చి, వారానికి రెండు సాయంకాలములు గుడిమండపమున వెలుపలివారినికూడ కూర్చుండబెట్టుకొని నేర్పుమని కోరవచ్చును. వచ్చినవాడు తొలియేడాది తాళమువేయుచు ఒత్తుపట్టుచునే గడపవలెను. పెద్దలు ఆలపించుచుండ శ్రుతిని చెదరకుండ నిలుపుట స్వల్పమైన పనికాదు, దమ్ము దానంతటదే పెరుగును. సాయిబుగారికి శిష్యునియింట విస్తరి, వేదికమీద పేరు, కాలమునకు అందు జీతము ఉండవలెను. చాపమూల మర్యాద చాలునని తలచువారు ఈ విద్య నడుగ తగరు.

కాలముమాట ఒకటి మిగిలినది, ఇచటనే చాలమంది తప్పిపోవుదురు. పంటకును పెండ్లికిని మన పంచాంగమున వైరమున్నది. వైశాఖజ్యేష్ఠములలో రైతునకు తీరిక, బడికి సెలవు, యార్డునకును కొన్నాళ్ళు సెలవు. అప్పుడు మేళమువారు పందిరినుండి పందిరికి తిరుగుచు ఇంట నిలువరు. ఆషాఢమున మేళమువారికి పనిలేదు. అప్పుడు రైతు ప్రత్తివిత్తులతో చేలో నుండును. పుష్యమున మరల ముహూర్తములు లేవు. ప్రత్తితీత ముమ్మరము, మిరప మొదటికోత ఆరంభము. ఉద్యోగస్థునకు ఆషాఢపుష్యములు అనుకూలములే. సేద్యగానికి మాత్రము భాద్రపదమే దారి: వినాయకచవితి దాటినపిమ్మట మేళమువారు తీరికగా నుందురు, ప్రత్తి నిలబడి కాయకు వచ్చుచుండును, మిరపనాట్లున్నవారు సాయంకాలమైన మిగుల్చుకొనగలరు. గురుమౌఢ్యము, శుక్రమౌఢ్యము వచ్చిన యేడు ముహూర్తములు ఆగిపోయిన వారములను పంచాంగమున ముందుగనే గుర్తించి, గురువుగారితో ఆ దినములను మాటాడుకొనవలెను. మేళమునకు ఆదాయములేని ఆ దినములలో శిష్యులిచ్చు జీతము వారి యింటికి అక్కరకు వచ్చును. శిష్యునికి గురువు దినమంతయు దొరకును.